కోయకుండా వదిలిన ఆరు దెబ్బలు

కరోనా సద్దుమణిగి స్టూడియోలు మళ్ళీ తెరుచుకున్నాక వచ్చిన మొదటి మాఘమాసంలో నన్ను వనపర్తికి లొకేషన్ రికార్డింగుకు వేశారు. హైదరాబాదులోని ఒక చిన్న మ్యూజిక్ కంపెనీలో అప్పటికి నేను సీనియర్ రికార్డిస్టును. రిటైర్మెంటుకు ముందు నాకిచ్చిన ఆఖరి బయటి పని అదే. మా వృత్తిలో ఎవరి హద్దు వాళ్ళది. రికార్డిస్టు శబ్దాన్ని ఉన్నదున్నట్లు పట్టుకోవాలి. మిక్సింగ్ ఇంజనీరు ఆ తర్వాత ఎక్కువ తక్కువలు చూసి సర్దాలి. ఏది ఉండాలి, ఏది పోవాలి అన్న మాట మాత్రం ప్రొడ్యూసరుదే. మా ప్రొడ్యూసర్ సుధాకర్‌కు నా సంగతి బాగా తెలుసు, నా కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే ఎదురుగా రాకుండా ఫోన్లో చెప్పి తప్పించుకున్నాడు. పంక్ రాక్‌నూ పాలమూరు జానపదాన్నీ కలిపి ఆల్బం చేస్తున్నారనీ, నాది గద్వాల గనుక అక్కడి మనుషులతో నాకు కుదురుతుందనీ అన్నాడు.

పంక్ రాక్ అంటే తెలియని వాళ్ళకు ఒక్క మాటలో చెప్తాను. గిటారు మీద మూడే మూడు పట్టులు, గుండె దడ పుట్టించే వేగం, గొంతు చిరిగేలా పాట. ముప్పై ఏళ్ళకు పైగా వీణలూ వేణువులూ రికార్డు చేసిన చెవులు నావి. ఆ బ్యాండు పాత రికార్డింగు ఒకటి విన్నాక, వీళ్ళు ఇల్లు పీకి పందిరేస్తున్నారా, పాట పాడుతున్నారా అని సుధాకర్‌నే అడిగాను. ఆయన నవ్వి ఫోన్ పెట్టేశాడు.

బ్యాండులో పాడే పిల్ల పేరు శ్రావ్య. పేరులో ఉన్న శ్రావ్యత గొంతులో లేదని మొదటి రోజే మొహం మీద అన్నాను. "అందరూ అదే అంటరు అక్కా" అని ఏమాత్రం నొచ్చుకోకుండా తన ఫోన్లో ఒక ఆల్బం పెట్టి నా చెవుల్లో తగిలించింది. ఐర్లండు దేశం కుర్రాళ్ళు చేసిన ఆల్బం అది. వాళ్ళ ముత్తాతల నాటి జానపద పాటలు, ఫిడేలు, సన్నటి పిల్లనగ్రోవి, వాటి మీద పంక్ వాళ్ళ గిటార్లు, తాగి తగాదా పెట్టుకున్నట్టు ఉండే ఒక గొంతు. మొదటి పాటకు మొహం చిట్లించాను. రెండో పాటలో ఫిడేలు ముందు పరుగెత్తుతుంటే డ్రమ్ము దాని వెంటపడింది. మూడో పాటకు నా కాలు దానంతటదే కదిలింది. శ్రావ్య అది చూసింది కానీ చూడనట్టు ఊరుకుంది, తెలివైన పిల్ల.

"వాళ్ళ అవ్వల పాటల్ని వాళ్ళు గిట్ల పాడుకున్నరు. మా అవ్వ పాటలు నేను పాడుకుంటే తప్పేంది?" అని అడిగింది. తప్పేమీ లేదన్నాను. మరి ఆ అవ్వ పాడాలి కదా, అది అంత తేలిక కాదని అప్పుడు చెప్పింది.

వీపనగండ్ల దాటి కొంత దూరం పోతే వాళ్ళ ఊరు. శ్రావ్య అమ్మమ్మ బాలమ్మ, ఆమె తోడికోడలు లచ్చమ్మ, ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం చేసి, ఒకే చేనులో పల్లికాయ పండించి, ఊరి కోలాటంలో జంటగా పాడినవాళ్ళు. మేం పోయేసరికి బాలమ్మ అరుగు మీద కూర్చొని పల్లీలు ఒలుస్తోంది. లచ్చమ్మ పక్కనే మంచం మీద ఉంది. ఏడాదిన్నర కింద ఆమెకు పక్షవాతం వచ్చింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యీ మాటా పోయాయి. ఎవరేం అంటున్నారో అన్నీ తెలుస్తాయి. బదులు చెప్పబోతే మాత్రం నోట్లోంచి "అదే... అదే..." అన్న ముక్క ఒక్కటే వస్తుంది. నీళ్ళు కావాలన్నా అదే, నొప్పి ఉందన్నా అదే. చెప్పలేక ఎడమ చేత్తో మంచం పట్టెను కొడుతుంది. వచ్చిన వాళ్ళ ముందు అట్లా కొట్టాల్సి వచ్చినందుకు ఆమె కళ్ళలో కనిపించిన అవమానం చూసి నేను తల పక్కకు తిప్పుకున్నాను.

పాట సంగతి ఎత్తగానే బాలమ్మ చేట పక్కన పెట్టింది. "పాట మానేసి ఏడాదిన్నర అయింది చెల్లె. నేను ఒక వరస ఎత్తి ఇడుస్త. కోలలు మూడు దెబ్బలు, మల్ల మూడు దెబ్బలు వడతయి. ఆరో దెబ్బ కాంగనే ఇది అందుకుంటది. మా ఇద్దరి పాట గట్ల నడుస్తది. అందుకునే గొంతు లేనిది నేనెట్ల ఎత్తుకోవాలె?"

పోనీ ఇంట్లో ఊరికే కూనిరాగమైనా తీయవా అని అడిగాను. ఆమె లచ్చమ్మకు వినబడకుండా గొంతు తగ్గించింది. "మాట రాని మనిషి ముంగట పాట పాడితే ఎక్కిరించినట్టు గాదా? అందుకే కోలలు గుడ్డల కట్టి అటుక మీద పెట్టిన. ఈ ఇంట్ల దరువు చప్పుడే లేదు ఇప్పుడు." ఆమె ఆపేక్ష అటువంటిది. తోడికోడలి మనసు నొచ్చుకోకూడదని తన నోరు తానే కట్టుకుంది.

శ్రావ్య బతిమాలింది, అలిగింది, మళ్ళీ బతిమాలింది. చివరికి ఒప్పించింది మాత్రం లచ్చమ్మే. ఎడమ చేత్తో బాలమ్మ భుజం పట్టుకొని ముందుకు తోసింది. "అదే" అంది, గట్టిగా. బాలమ్మ నా వైపు తిరిగింది. "పోతే ఇద్దరం పోతం. ఇది నా పక్కన కూసోవాలె. బండ్ల కూసోబెట్టి తోల్కపోయే పూచీ మీది" అని నాకు చెప్పింది. హైదరాబాదు దాకా ఆమెను తిప్పడం కుదరదు కాబట్టి రికార్డింగు వనపర్తికి వచ్చింది.

వనపర్తిలో మాకు దొరికింది ఒక పల్లికాయ గోదాం. సుధాకర్ మాత్రం వద్దే వద్దన్నాడు. నేను లోపలికి పోయి ఒక్క చప్పట కొట్టి విని సరేనన్నాను. గదికి ప్రతిధ్వని ఎంత ఉందో తెలుసుకోవడానికి మేం మొదట చేసే పని చప్పట కొట్టడమే. నిండు పల్లికాయ బస్తాలు గోడల పొడుగునా పేర్చి ఉంటే అవి శబ్దాన్ని మింగేస్తాయి, లక్షలు పోసి కట్టిన స్టూడియో గోడకు కూడా అంత గుణం ఉండదు. తలుపులకు గద్వాల నుంచి మా ఇంటి బొంతలు తెప్పించి కట్టించాను. పైన రేకుల కప్పు మాత్రం ఎండెక్కితే టపటపమంటుంది, అందుకని పని అంతా పొద్దున్నే ముగించాలని షరతు పెట్టాను. బొంతలు చూసి బాలమ్మ "పెండ్లికి పరదాలు కట్టినట్టు కట్టినవు, పెండ్లికొడుకేడి?" అంది. డ్రమ్ములు వాయించే ఇమ్రాన్ సిగ్గుపడి తల వంచుకున్నాడు.

మైకుల దగ్గర చిన్న గొడవ అయింది. బాలమ్మకొకటి, శ్రావ్యకొకటి పెట్టాను. బాలమ్మ, "దానికేది?" అని లచ్చమ్మను చూపించింది. నేను ఇంకో స్టాండు తెచ్చి లచ్చమ్మ ముందు కూడా మైకు పెట్టాను. రోజూ ఫోన్లో లెక్కలు అడిగే సుధాకర్ అది విని, పాడని మనిషికి మైకు ఎందుకు, ఒక చానెల్ దండగ కదా అన్నాడు. పోనీ మైకు ఊరికే ఉంచి చానెల్ మూసేయమన్నాడు. నాకు పని నేర్పిన గురువుగారు ఒక సూత్రం చెప్పేవారు: మైకు పెట్టావంటే తెరిచి ఉంచు, అలంకారానికి మనిషి ముందు మైకు పెట్టడం ఆ మనిషిని మోసం చేయడమే. ఆ ముక్కే సుధాకర్‌కు చెప్పి, చానెల్ తెరిచే ఉంచాను.

మొదటి రెండు పొద్దులు చెవిటివాడి ముందు శంఖమూదినట్టే గడిచాయి. అందరూ ఒకే వేగంతో సాగడానికి ఈ కాలం రికార్డింగుల్లో కంప్యూటరు నుంచి టిక్ టిక్ మనే లెక్క ఒకటి హెడ్‌ఫోన్లలోకి ఇస్తాం. బాలమ్మకు అది పెట్టగానే తీసి ఒళ్ళో పడేసింది. "చెవుల ఎవడో చిటికెలేస్తుండు చెల్లె. పరేషాన్ అయితుంది" అంది. సరే వద్దులే అన్నాను. అసలు చిక్కు అది కూడా కాదు. ఆమె మొదటి వరస అద్భుతంగా ఎత్తేది. వాన మబ్బు లాంటి నిండు గొంతు. వరస ముగియగానే అలవాటు కొద్దీ తల లచ్చమ్మ వైపు తిరిగేది, చూసేది, ఆగిపోయేది. శ్రావ్య బదులు పాడబోతే ఆలస్యమయ్యేది. "నీ గొంతు మంచిగనే ఉన్నది బిడ్డా. నేను ఇడిసిన కాడ నువ్వు అందుకుంటలేవు" అని మనవరాలికి చెప్పి కళ్ళు తుడుచుకునేది. లచ్చమ్మ మైకు ముందు తల వంచుకొని కూర్చునేది.

పైగా బ్యాండు లెక్కా ఈమె లెక్కా వేరు. రాక్ వాళ్ళు నాలుగేసి దెబ్బల లెక్కలో వాయిస్తారు, ఈమె పాట మూడేసి దెబ్బల నడక. నలుగురు మోసే మంచానికి ముగ్గురే చేయి వేసినట్టు ఎక్కడో ఒక మూల కుంగేది. ఇమ్రాన్ రెండో రోజు అన్నం కూడా తినకుండా శ్రావ్య ఫోన్ తీసుకొని ఐర్లండు ఆల్బం వింటూ బస్తాల వెనక కూర్చున్నాడు. కాసేపటికి ఒక్కసారి లేచి వచ్చాడు. "మేడమ్, జర వినండి. వాళ్ళది కూడా మూడు మూడు ఆరే! అవ్వ పాట లెక్కనే నడుస్తున్నది" అన్నాడు. విన్నాను. నిజమే. జిగ్ అని వాళ్ళు పిలుచుకునే ఆట పాటల నడక అది, మూడు మూడుగా ఆరు దెబ్బలు. ఆ కుర్రాళ్ళు తమ డ్రమ్మును దానికి వంచుకున్నారు తప్ప దాన్ని తమ నాలుగు లెక్కలోకి ఈడ్చుకు రాలేదు. వాళ్ళు చేసింది మనమూ చేద్దామని ఇమ్రాన్ ఆ మధ్యాహ్నమంతా బస్తా మీద పుల్లలతో ఆరు దెబ్బలు సాధన చేశాడు.

మూడో పొద్దున ఏర్పాటు మార్చాను. హెడ్‌ఫోన్లు తీసేయించాను. బస్తాల వెనక దాచిన డ్రమ్మును ముందుకు తెప్పించాను. ఒక మైకు శబ్దం ఇంకో మైకులోకి కారితే కారనీ అనుకున్నాను. ముప్పై ఏళ్ళ అలవాటుకు విరుద్ధంగా అంత మాట అనుకోవడం నాకే వింతగా ఉంది. పాట నడిచే క్రమం ఇది: బాలమ్మ ఒంటిగా మొదటి వరస ఎత్తుతుంది. ఆ తర్వాత ఇమ్రాన్ తన రెండు డ్రమ్ము పుల్లలను ఒకదానికొకటి తాకించి ఆరు దెబ్బలు లెక్క ఇస్తాడు. దాన్ని మేం కౌంట్ అంటాం, బ్యాండు అంతా ఒకేసారి అందుకోవడానికి ఇచ్చే సైగ అది. తర్వాత దాన్ని కోసేస్తాం, మామూలుగా శ్రోతకు వినబడదు. కౌంట్ కాగానే గిటార్లు మొదలవుతాయి, శ్రావ్య బదులు వరస పాడుతుంది.

రికార్డింగు మొదలైందన్న గుర్తుగా నేను ఎర్ర లైటు వేశాను. బాలమ్మ కళ్ళు మూసుకొని ఎత్తుకుంది.

"వాన రాకముందె గువ్వ వచ్చెనే..."

ఇమ్రాన్ పుల్లలు లేపాడు. ఠక్ ఠక్ ఠక్. ఠక్ ఠక్ ఠక్. గట్టి కర్ర మీద గట్టి కర్ర.

"వచ్చి మా చేను గట్టు ఎక్కెనే..."

నేను శ్రావ్య పెదాలే చూస్తున్నాను. అవి కదల్లేదు. నా ముందున్న బోర్డు మీద మూడో చానెల్ ముల్లు, లచ్చమ్మ మైకుది, లేచి ఊగుతోంది. లచ్చమ్మ పాడుతోంది! తల ఎత్తి, నోరు ఒక పక్కకు లాగుతున్నా, మాట కొంచెం ముద్దగా ఉన్నా, లెక్క మాత్రం వెంట్రుకవాసి తప్పకుండా పాడుతోంది. ఆమె చెవికి అవి డ్రమ్ము పుల్లలు కావు, కోలలు. ఆరో దెబ్బ పడింది, తన వంతు వచ్చింది, అందుకుంది. అంతే.

నేను చెయ్యి బోర్డు మీద నుంచి తీయలేదు. బాలమ్మ కళ్ళు తెరిచింది. ఆమె పాట ఆపేస్తుందేమో, లేచి పట్టుకుంటుందేమో అని నేను భయపడ్డాను. ఆపలేదు. ఆట నడుస్తుండగా పాట తెగగూడదని వాళ్ళ కట్టుబాటు. కన్నీళ్ళు ధారగా కారుతుంటే రెండో వరస ఎత్తింది. ఇమ్రాన్ ఒక్క క్షణం నా వైపు చూశాడు, కానివ్వు అని తల ఊపాను. ఆరు దెబ్బలు వేశాడు. లచ్చమ్మ అందుకుంది. గిటార్లు వచ్చి చేరాయి. నాలుగో వరసకు శ్రావ్య కూడా ఆమె వెనక గొంతు కలిపింది, ఆ చిరుగు గొంతు ఆ ముద్ద గొంతుకు ఊతకర్ర పట్టుకొని పక్కన నడిచినట్టు నడిచింది. ఆ పిల్ల గొంతు గురించి నేనన్న మాటలన్నీ ఆ పూటతో వెనక్కి తీసుకున్నాను.

పాట ముగిసింది. బాలమ్మ లచ్చమ్మ గడ్డం పట్టుకొని, "మాట్లాడే లచ్చమ్మా! ఏమన్నా అను!" అంది. లచ్చమ్మ నోరు తెరిచింది. "అదే" అంది. ఆమె మొహం మళ్ళీ వాడిపోయింది. బాలమ్మ ఇమ్రాన్ చేతిలోంచి పుల్లలు లాక్కుంది. ఆరు దెబ్బలు వేసి అదే వరస మీద పాడింది: "బువ్వ తింటవా లచ్చవ్వ తింటవా..."

"తింటనే అక్క నేను తింటనే..." అని బదులు వచ్చింది.

అప్పుడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు, నవ్వారు. సంగతేందని బయటి నుంచి హమాలీలు బొంతలు తొలగించి తొంగిచూశారు. ఆ రోజు జొన్నరొట్టె, పుంటికూర తింటూ బాలమ్మ వెంటవెంటనే ఏదో ఒకటి పాటలో అడుగుతూనే ఉంది. బ్యాండు వాళ్ళ మోత ఎట్లా ఉందని నేను అడిగితే, "పీర్ల పండుగల అలాయి గుండం సుట్టు దుంకినట్టున్నది. మంచిగుంది తియ్యి" అంది. తర్వాత దవాఖానలో డాక్టరు చెప్పిన దాన్నిబట్టి, మెదడులో మాట ఉండే చోటు దెబ్బతిన్నా పాట ఉండే చోటు మిగిలి ఉండవచ్చు, పాట దారిన మాటను మెల్లగా వెనక్కి తెచ్చే వైద్యం కూడా ఉందట.

ఇక మా వృత్తి గొడవ. రికార్డింగు హైదరాబాదుకు పోయిన మర్నాడే సుధాకర్ ఫోన్ చేశాడు. టేక్ బాగుంది గానీ కౌంట్ కోసేయండి, ఆ రెండో గొంతు ముద్దగా ఉంది, దాన్ని తీసి శ్రావ్య చేత శుభ్రంగా పాడించి అతికించండి అన్నాడు. ఆయన హోదాకు ఆ హక్కు ఉంది. చేయనని నేను అనడానికి వీల్లేదు, మా హద్దు అది. శ్రావ్య మాత్రం ఆ గొంతు తీస్తే తన పేరు కూడా ఆల్బం మీద నుంచి తీసేయమంది. బాలమ్మకు ఫోన్లో విషయం చెప్పాను. ఆమె కోప్పడలేదు. "గా దెబ్బలు తీసేస్తే మా లచ్చమ్మ ఏడ అందుకోవాలె చెల్లె?" అని మాత్రం అడిగింది.

నేను సుధాకర్‌తో వాదించలేదు. ముందుగా ఆ గొంతును ముట్టకుండా, ఆయన చెప్పినట్టే కౌంట్ మాత్రం కోసి ఒక ప్రతి, కోయకుండా ఒక ప్రతి తయారుచేసి స్వయంగా పట్టుకెళ్ళాను. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు నేనే తగిలించాను. కోసిన ప్రతిలో ఆ గొంతు ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంది, ఎవరో తప్పు చేసినట్టు ఉంది. కోయనిదాంట్లో ఆరు దెబ్బలు పడ్డాక ఆమె రావడం వినిపిస్తుంది. ఎవరో పిలిస్తే వచ్చినట్టు వస్తుంది. సుధాకర్ రెండోది మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. "కానివ్వండి మేడమ్, మీతో పెట్టుకుంటే మాకేం మిగుల్తది" అని గొణిగి, దాన్ని ఆల్బంలో చివరి పాటగా వేశాడు. చివరి పాట దాకా ఎవరూ రారని ఆయన లెక్క. ఆల్బం పెద్దగా ఆడలేదు కూడా. పాటతో పాటు శ్రావ్య రాసిన లచ్చమ్మ సంగతి చదివిన వాళ్ళు మాత్రం లింగాల దిక్కు నుంచీ అమ్రాబాద్ దిక్కు నుంచీ ఆమెకు ఫోన్లు చేశారు. మా అవ్వకు కూడా మాట పోయింది, ఆ దెబ్బలు ఎట్లా వేయాలో చెప్తారా అని.

నేను ఇప్పుడు గద్వాలలో ఉంటున్నాను. మొన్న వేసవిలో వీపనగండ్ల దిక్కు పోయినప్పుడు వాళ్ళింట్లో దిగాను. లచ్చమ్మకు చిన్న చిన్న మాటలు పాట లేకుండానే వస్తున్నాయి. తొందరగా అనాలంటే మాత్రం ఎడమ చేత్తో మంచం పట్టె మీద ఆరు దెబ్బలు వేసుకొని మొదలుపెడుతుంది. ఇంతకు ముందు ఆ పట్టెను మాట రాక కొట్టేది. నన్ను చూసి అట్లాగే దెబ్బలు వేసుకొని, నేను లావయ్యానని రాగం తీసి మరీ చెప్పింది. కూరలో ఉప్పు ఎక్కువైందని బాలమ్మను కూడా అదే వరస మీద తిట్టింది. "మాట లేనప్పుడే పానం నిమ్మళంగుండె" అని బాలమ్మ పళ్ళెం తీసుకుపోయి కూరలో నీళ్ళు కలిపి తెచ్చింది. కోలలు అటుక మీద లేవు, తలుపు పక్కన మేకుకు వేలాడుతున్నాయి.

ఈ పని నేర్చుకోవడానికి నా దగ్గరకు ఒకరిద్దరు వస్తుంటారు. కౌంట్ ఎట్లా కోయాలో వాళ్ళకు మొదటి వారంలోనే నేర్పుతాను, అది తప్పనిసరి పని. కత్తెర పెట్టే ముందు ఒక్కసారి ఆగి, ఆ దెబ్బలకు ఎవరు బదులిస్తున్నారో విని చూడమని కూడా చెప్తాను.